ప్యానెల్లో ఉంటేనే ప్లీడరు

ఇంగ్లండులో ఇల్లు కొనేవాడు తన లాయర్ని తనే ఎంచుకోవచ్చు. కాగితం మీద మాట ఇది. అసలు సంగతేంటంటే, ఆ ఇంటికి అప్పిచ్చే బ్యాంకు దగ్గర ఒక జాబితా ఉంటుంది. మీరు ఎంచుకున్న లాయరు పేరు అందులో లేకపోతే, ఆయన ఎంత గొప్పవాడైనా, మీకు ఇరవై ఏళ్ళుగా తెలిసినవాడైనా, ఆ బ్యాంకు తరఫున పనిచెయ్యలేడు. అప్పుడు మీరు లాయర్నైనా మార్చుకోవాలి, బ్యాంకునైనా మార్చుకోవాలి, లేకపోతే బ్యాంకు లాయరు ఫీజు కూడా మీ జేబులోంచే పెట్టుకోవాలి. ఆ జాబితా పేరు ప్యానెల్. ఆన్‌సైటుకని వెళ్ళి రెడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్ చుట్టుపక్కల స్థిరపడిపోయిన మనవాళ్ళు చాలామంది ఈ మాట మొదటిసారి వినేది ఇల్లు కొనేటప్పుడే.

నాకు ఈ ప్యానెళ్ళ కథ మీద ఆసక్తి ఎందుకంటే, మన ఐటీ కంపెనీలు కూడా ఇలాంటి జాబితాల మీదే బతుకుతాయి కాబట్టి. ఫలానా అమెరికా బ్యాంకు వెండర్ లిస్టులో ఉన్నామా లేదా, సీఎంఎం లెవెల్ ఫైవ్ ఉందా లేదా అన్నదాన్ని బట్టే మనకి ప్రాజెక్టా బెంచా తేలేది. కాకపోతే మనల్ని జాబితాలోంచి తీసేస్తే ఇంకో క్లయింటుని వెతుక్కుంటాం. ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్ళో ఇళ్ళ బదలాయింపు పని చేసుకునే లాయర్ల సంస్థని నాలుగు పెద్ద బ్యాంకులు తీసేస్తే ఆ సంస్థ మూతపడుతుంది. ఏ కోర్టూ తప్పు పట్టకుండానే, ఏ బార్ కౌన్సిలూ లైసెన్సు రద్దు చెయ్యకుండానే. ఇంత అధికారం ఒక ప్రైవేటు జాబితాకి ఎలా వచ్చిందన్నదే ఈ టపా.

ముందు అక్కడి పద్ధతి కాస్త చెప్పాలి. మన దగ్గర ఇల్లు కొంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డిమాండ్ డ్రాఫ్టో చెక్కో చేతులు మారుతుంది. అక్కడ డబ్బంతా లాయర్ల ఖాతాల గుండానే నడుస్తుంది. బ్యాంకు అప్పు మొత్తాన్ని కొనేవాడి సొలిసిటరు క్లయింట్ అకౌంటుకి పంపుతుంది. ఆయన దాన్ని అమ్మేవాడి సొలిసిటరుకి పంపుతాడు, తాళాలు చేతికొస్తాయి. ఆ తర్వాత స్టాంపు పన్ను కట్టి, ల్యాండ్ రిజిస్ట్రీలో కొత్త యజమాని పేరూ, బ్యాంకు తాకట్టూ నమోదు చేయిస్తాడు. అంటే డబ్బు చేతికొచ్చిన క్షణం నుంచి తాకట్టు నమోదయ్యే దాకా బ్యాంకు చేతిలో ఉన్నది ఆ లాయరు మీద నమ్మకం ఒక్కటే. ఈ మొత్తం పనిని కన్వేయన్సింగ్ అంటారు.

ఇంకో చిత్రం కూడా ఉంది. అక్కడ కొనేవాడికీ బ్యాంకుకీ సాధారణంగా ఒకే సొలిసిటరు. అమ్మేవాడికీ కొనేవాడికీ ఒకే లాయరు ఉండకూడదు, ఇద్దరి ప్రయోజనాలు వేరు అని నియమాలు పెట్టుకున్నవాళ్ళు, అప్పిచ్చేవాడికీ తీసుకునేవాడికీ మాత్రం మినహాయింపు ఇచ్చుకున్నారు. కారణం చాలా మామూలుది, ఖర్చు. ఇద్దరు లాయర్లు ఒకే పత్రాలని రెండుసార్లు చదివి రెండు ఫీజులు తీసుకోవడం దండగ అని. నా ఉద్దేశంలో ప్యానెల్ గొడవలన్నిటికీ వేరు ఇక్కడే ఉంది. కొనేవాడు "నా లాయరు" అనుకునే మనిషి, బ్యాంకు దృష్టిలో "నా ఏజెంటు". ఒకే మనిషిని ఇద్దరు ఎంచుకోవాలంటే చివరికి ఎవరి మాట నెగ్గుతుందో చెప్పక్కర్లేదు కదా.

మొదట్లో ఇలా లేదు. 1775లో బర్మింగ్‌హామ్‌లో గోల్డెన్ క్రాస్ అనే సత్రం నడిపే రిచర్డ్ కెట్లీ ఒక సంఘం పెట్టాడు. సభ్యులు నెలనెలా డబ్బు వేసుకుంటారు, పోగైన దాంతో ఒక్కొక్కరికీ వరసగా ఇల్లు కట్టిస్తారు, అందరికీ ఇళ్ళు అయ్యాక సంఘం రద్దు. చదవగానే మన చీటీపాట గుర్తొస్తుంది. బిల్డింగ్ సొసైటీలకి తెలిసిన తొలి రూపం ఇదే. పందొమ్మిదో శతాబ్దం మధ్యకొచ్చేసరికి ఇవి శాశ్వత సంస్థలయ్యాయి. అయినా ఊరి సంస్థలుగానే ఉన్నాయి. పేర్లు చూడండి, హాలిఫాక్స్, లీడ్స్, బ్రిస్టల్ అండ్ వెస్ట్. ఊళ్ళో సొసైటీ మేనేజరుకి ఊళ్ళో సొలిసిటర్లు అందరూ తెలుసు. ఆ సొలిసిటర్లలో చాలామంది సొసైటీకి ఏజెంట్లుగా డిపాజిట్లు తెచ్చిపెట్టేవాళ్ళు, అప్పు కావలసినవాళ్ళని పంపేవాళ్ళు. ప్యానెల్ అంటే అప్పట్లో మేనేజరు బుర్రలో ఉన్న పేర్లన్నమాట. దానికి దరఖాస్తూ లేదు, తీసివేతా లేదు.

సొలిసిటర్లకి కూడా భయం లేదు, ఎందుకంటే పని వాళ్ళదే. 1804 స్టాంపు చట్టంతో ఫీజు తీసుకుని బదలాయింపు పత్రాలు రాసే హక్కు వాళ్ళకి గుత్తగా దక్కింది. ఆ గుత్తాధిపత్యం దాదాపు 180 ఏళ్ళు నడిచింది. ఇంటి ధరని బట్టి ఇంత అని ఫీజు పట్టిక కూడా ఉండేది, అది 1973లో పోయింది. 1983లో ఆస్టిన్ మిచెల్ అనే లేబర్ ఎంపీ ఇళ్ళు కొనేవాళ్ళ కోసం ఒక ప్రైవేటు బిల్లు పెట్టాడు. ఆ ఒత్తిడికి థాచర్ ప్రభుత్వం కదిలి, 1985 చట్టంతో లైసెన్స్‌డ్ కన్వేయన్సర్లు అనే కొత్త వృత్తిని పుట్టించింది. పోటీ వచ్చింది, ఫీజులు పడిపోయాయి. ఫీజు తగ్గిన చోట ఫైళ్ళ సంఖ్య పెరగాలి, ఫైళ్ళు పెరిగిన చోట ఒక్కో ఫైలు మీద పెట్టే సమయం తగ్గాలి. ఈ లెక్క మన సర్వీసు కంపెనీల్లో పనిచేసిన వాళ్ళకి విడిగా చెప్పాలా :)

అదే దశాబ్దంలో అవతలి పక్క కూడా మారింది. 1986 చట్టం తర్వాత బిల్డింగ్ సొసైటీలు బ్యాంకులుగా మారే దారి తెరుచుకుంది. 1989లో అబ్బే నేషనల్ మారింది, 1997లో హాలిఫాక్స్, నార్దర్న్ రాక్, వూల్విచ్ వరసగా మారాయి. నిర్ణయాలు ఊరి బ్రాంచి నుంచి ఎక్కడో ఉన్న ప్రాసెసింగ్ సెంటర్‌కి వెళ్ళిపోయాయి. మేనేజరు బుర్రలో ఉన్న పేర్లు డేటాబేసులో వరసలయ్యాయి. లాయరు మొహం ఎప్పుడూ చూడని బ్యాంకు, బ్యాంకు గుమ్మం ఎప్పుడూ తొక్కని లాయరు.

సరిగ్గా ఆ సమయంలోనే మార్కెట్ కూలింది. 1989 అక్టోబరులో వడ్డీ రేటు 15 శాతానికి చేరింది. 1991 ఒక్క ఏడాదిలోనే దాదాపు 75,500 ఇళ్ళని అప్పిచ్చినవాళ్ళు స్వాధీనం చేసుకున్నారు. ఆ ఇళ్ళు అమ్మితే అప్పుకి సరిపోలేదు. నష్టం ఎవరి మీద వెయ్యాలి? అప్పు తీసుకున్నవాడి దగ్గర ఏమీ లేదు. సొలిసిటరుకి మాత్రం ఇన్సూరెన్సు ఉంది. పాత ఫైళ్ళన్నీ బయటికి తీసి తప్పులు వెతకడం మొదలుపెట్టారు.

ఆ కేసుల్లో రెండు చెప్పుకోవాలి. మొదటిది టార్గెట్ హోల్డింగ్స్ వర్సెస్ రెడ్‌ఫెర్న్స్. బర్మింగ్‌హామ్‌లో ఒక ఆస్తిని 20 లక్షల పౌండ్లు చేస్తుందని చూపించి 15 లక్షల పైచిలుకు అప్పు తీసుకున్నారు. నిజానికి ఆ ఆస్తి అసలు అమ్మకం ధర 7,75,000 పౌండ్లే. మధ్యలో రెండు కంపెనీలని నిలబెట్టి ధర పెంచుకుంటూ పోయారు. బ్యాంకు డబ్బు పట్టుకున్న సొలిసిటరు, పత్రాలు పూర్తికాకముందే దాన్ని వదిలేశాడు. చివరికి ఆ ఆస్తి 5 లక్షలకి అమ్ముడుపోయింది. 1995లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఏమందంటే, సొలిసిటరు ట్రస్టుని ఉల్లంఘించిన మాట నిజమే, కానీ ఆ ఉల్లంఘన వల్ల కలిగిన నష్టానికే బాధ్యుడు, మార్కెట్ పడిపోయినదానికి కాదు అని.

రెండోది ఇంకా చిన్నది, నాకు మాత్రం అదే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. బ్రిస్టల్ అండ్ వెస్ట్ సొసైటీ, 73,000 పౌండ్ల ఇంటికి 59,000 అప్పిచ్చింది. షరతు ఒకటే, మిగతా సొమ్ము కొనేవాళ్ళ సొంతది కావాలి, ఇంకో చోట అప్పు చెయ్యకూడదు. కొన్న దంపతులకి ఇంకో బ్యాంకులో 3,350 పౌండ్ల పాత బాకీ ఉంది, దాన్ని కొత్త ఇంటి మీదకి మార్చుకున్నారు. సొలిసిటరుకి ఆ సంగతి తెలుసు. సొసైటీకి రాసిచ్చిన రిపోర్టులో మాత్రం ఆ ముక్క లేదు. కుట్ర లేదు, లంచం లేదు, కేవలం ఏమరపాటు. కొనేవాళ్ళు కట్టలేకపోయారు, సొసైటీకి ఇల్లు అమ్మితే నష్టం వచ్చింది. నువ్వు నాకు ద్రోహం చేశావు అని సొలిసిటరు మీద పడింది. 1996లో అప్పీలు కోర్టులో లార్డ్ జస్టిస్ మిల్లెట్ ఇచ్చిన తీర్పు ఇప్పటికీ లా కాలేజీల్లో చెబుతారు. అజాగ్రత్త వేరు, విశ్వాసఘాతుకం వేరు. పొరపాటు చేసినవాడు నిర్లక్ష్యానికి జవాబు చెప్పుకోవాలి గానీ, ద్రోహి అయిపోడు.

కోర్టులు ఈ గీత చక్కగా గీశాయి. ప్యానెల్ జాబితాకి మాత్రం ఆ గీత కనబడలేదు. బ్యాంకుకి నష్టం తెచ్చింది పొరపాటా, మోసమా అన్న తేడా డేటాబేసులో ఒక్క కాలమ్ కూడా కాలేదు.

1990ల గొడవల నుంచి పుట్టిన మంచి పని ఒకటుంది. అప్పటిదాకా ప్రతి బ్యాంకుకీ, ప్రతి సొసైటీకీ సొంత సూచనల పుస్తకం. సొలిసిటరు ఏ ఫైలుకి ఏ పుస్తకమో చూసుకుంటూ చచ్చేవాడు. 1999లో మార్ట్‌గేజ్ లెండర్ల మండలి అందరికీ కలిపి ఒక హ్యాండ్‌బుక్ తెచ్చింది. మొదటి భాగం అందరికీ ఉమ్మడి, రెండో భాగంలో ఆయా బ్యాంకుల ప్రత్యేక జవాబులు. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ ఒకటి, కాన్ఫిగరేషన్ ఫైళ్ళు వేరువేరు. అదే ఏడాది సొలిసిటర్ల నియమాల్లో కూడా, ఇద్దరికీ ఒకే లాయర్ని వాడుకోవాలంటే బ్యాంకు ఇంతవరకే అడగాలి అని ఒక హద్దు గీశారు. నిజాయితీగా చెప్పాలంటే ఇది బాగా ఆలోచించి చేసిన పని. ఆ మండలి 2017లో యూకే ఫైనాన్స్ అనే సంస్థలో కలిసిపోయింది, హ్యాండ్‌బుక్ మాత్రం ఆ కొత్త పేరుతో ఇంకా నడుస్తూనే ఉంది.

తర్వాత ఎనిమిదేళ్ళు అందరికీ పండగే. అప్పు అడిగినవాడికల్లా అప్పు, ప్యానెల్ అడిగినవాడికల్లా ప్యానెల్. 2007 సెప్టెంబరులో నార్దర్న్ రాక్ గుమ్మాల ముందు డిపాజిటర్లు బారులు తీరేదాకా.

ఆ ఏడాది యూకేలో 16 లక్షల ఇళ్ళు చేతులు మారితే, 2009కి అది దాదాపు 8.6 లక్షలకి పడిపోయింది. పని సగమైంది. బ్యాంకులు మళ్ళీ పాత ఫైళ్ళు తవ్వాయి. ఈసారి మోసాలు నిజంగానే దొరికాయి. లేని మనుషుల పేర్లతో అప్పులు, పెంచిన వాల్యుయేషన్లు, కొన్నిచోట్ల సొలిసిటర్లే చెయ్యి కలిపిన ముఠాలు. అది అబద్ధమని నేననను. అయితే బ్యాంకులు ఎంచుకున్న మందు విచిత్రమైనది. మోసం చేసినవాళ్ళని వెతికి తీసెయ్యడం కష్టం, ఖర్చు. చిన్నవాళ్ళని తీసెయ్యడం తేలిక. ఏడాదికి మాకు ఇన్ని ఫైళ్ళు కూడా చెయ్యలేదు కాబట్టి తీసేశాం. ఒక్కరే పార్ట్‌నరు ఉన్నారు కాబట్టి తీసేశాం. చాలామందికి ఒక ఉత్తరం వచ్చింది, కారణం ఉండేది కాదు. కొందరికి ఆ ఉత్తరం కూడా లేదు. సగం నడిచిన ఫైలుని బ్యాంకు వెనక్కి పంపితే అప్పుడు తెలిసింది.

ఇందులో ఒక తమాషా లెక్క చూడండి. మార్కెట్టే సగమైంది, కాబట్టి ఎవరి ఫైళ్ళైనా తగ్గుతాయి. ఫైళ్ళు తగ్గాయని ప్యానెల్లోంచి తీస్తే ఇంకా తగ్గుతాయి. అది చూసి రెండో బ్యాంకు కూడా తీసేస్తుంది. అక్కడితో ఆగదు. ప్రతి సొలిసిటరుకీ వృత్తి బీమా తప్పనిసరి. 2000 దాకా అందరికీ కలిపి ఒక ఉమ్మడి నిధి ఉండేది, ఆ తర్వాత బయటి మార్కెట్‌కి వదిలేశారు. ఆ రోజుల్లో అందరికీ ఒకేరోజు, అక్టోబరు 1న రెన్యువల్. బీమా దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది, మిమ్మల్ని ఎప్పుడైనా ఏదైనా బ్యాంకు ప్యానెల్ నుంచి తీసేశారా అని. అవును అంటే ప్రీమియం పెరుగుతుంది, లేదా అసలు బీమాయే దొరకదు. బీమా దొరకనివాళ్ళకి చివరి దిక్కుగా ఒక అత్యవసర నిధి ఉండేది. దాని ప్రీమియం చుక్కల్లో ఉండేది. అందులో చేరిన సంస్థని బ్యాంకులు నమ్మేవి కావు. 2010లో చిన్న సంస్థలకి చవకగా బీమా ఇస్తున్న ఐర్లండు కంపెనీ క్విన్ కుప్పకూలడంతో ఈ సుడిగుండం ఇంకా పెద్దదైంది. 2013లో ఆ అత్యవసర నిధిని కూడా ఎత్తేశారు. ఇలా ఒకదానికొకటి అల్లుకుపోయిన రెండు వ్యవస్థలని ప్రోగ్రామర్లు డెడ్‌లాక్ అంటారు. అక్కడ మాత్రం దాన్ని రిస్క్ మేనేజ్‌మెంట్ అన్నారు.

ఇక లా సొసైటీ, అంటే సొలిసిటర్ల సంఘం, ఊరికే కూర్చోలేదు. 2011 జనవరిలో కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్ మొదలుపెట్టింది, పొట్టిగా సీక్యూఎస్. సంస్థ దరఖాస్తు పెట్టుకోవాలి, ఫీజు కట్టాలి, సిబ్బందికి శిక్షణ ఇప్పించాలి, ప్రొటోకాల్ పాటిస్తానని రాసివ్వాలి, ప్రతి ఏటా మళ్ళీ నిరూపించుకోవాలి. మీరు మా వాళ్ళని ఒక్కొక్కరినీ పరీక్షించక్కర్లేదు, మా ముద్ర చూసి ప్యానెల్లో పెట్టుకోండి అని బ్యాంకులకి చెప్పడమే దాని అసలు ఉద్దేశం. సీఎంఎం పుట్టిందీ ఇలాగే కదా. అమెరికా రక్షణ శాఖకి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళని ఎలా తూచాలో తెలియక కార్నెగీ మెలన్ వాళ్ళని అడిగితే పుట్టిన కొలత, చివరికి మన హైటెక్ సిటీ బోర్డుల మీద కొచ్చింది.

మరుసటి ఏడాదే అసలు దెబ్బ తగిలింది. 2012 జనవరిలో హెచ్‌ఎస్‌బీసీ తన ప్యానెల్‌ని 43 సంస్థలకి కుదించింది. ఇంగ్లండు, వేల్స్‌లో కన్వేయన్సింగ్ చేసే సంస్థలు వేలల్లో ఉంటే, 43. ఆ బ్యాంకులో అప్పు తీసుకుని ఊళ్ళో లాయరు దగ్గరికే వెళ్తానంటే వెళ్ళొచ్చు, కానీ బ్యాంకు తరఫున ఆ 43లో ఒకరు విడిగా పనిచేస్తారు, ఫీజు మీదే. అప్పటిదాకా ఇది లాయర్ల గొడవ అనుకున్న పత్రికలు, అప్పుడు కొనేవాళ్ళ గొడవ అని గుర్తించాయి. లా సొసైటీ గట్టిగా అడ్డం తిరిగింది. చర్చలు నడిచాక, సీక్యూఎస్ ఉన్న సంస్థలకి హెచ్‌ఎస్‌బీసీ తలుపు తెరిచింది. ఇంకొన్ని బ్యాంకులు కూడా ప్యానెల్‌కి సీక్యూఎస్ కావాలని షరతు పెట్టాయి. లా సొసైటీకి అది గెలుపే. బయటికి పోయినవాళ్ళు లోపలికి రావడానికి మొదటిసారి రాతపూర్వకంగా ఒక దారి ఏర్పడింది.

ఆ దారిలో నడవడం ఎలా ఉంటుందంటే.. సీక్యూఎస్ సర్టిఫికెట్, పార్ట్‌నర్ల వివరాలు, బీమా పత్రం, ఆడిట్ రిపోర్టు, క్లయింట్ అకౌంటు మీద ఎవరెవరు సంతకం చెయ్యొచ్చు, ఎంతమంది సిబ్బంది, పోయిన ఏడాది ఎన్ని ఫైళ్ళు, తాకట్టు నమోదుకి ఎన్ని రోజులు పట్టింది. ఈ చివరిది చిన్నగా కనిపిస్తుంది గానీ, చాలామంది జారిపడింది ఇక్కడే. తాళాలు ఇచ్చేశాక ఫైలు అటకెక్కుతుంది. రిజిస్ట్రీ నుంచి ఏదో ప్రశ్న వస్తే జవాబు ఆలస్యం. బ్యాంకు లెక్కలో మాత్రం అది తాకట్టు లేని అప్పు. కోడ్ రాసి డాక్యుమెంటేషన్ వదిలేసే మన అలవాటు లాంటిదే. తిరిగి చేరాలనుకున్న సంస్థ ముందు ఆ పాత ఫైళ్ళన్నీ ముగించుకుని, ఆ తర్వాత దరఖాస్తు పెట్టుకోవాలి. ఊరు మారినా, పార్ట్‌నరు మారినా, సంస్థ భాగస్వామ్యం నుంచి కంపెనీగా మారినా మళ్ళీ మొదటి నుంచి. ప్రతి బ్యాంకుకీ విడివిడిగా.

ఈ విడివిడి బాధ పోగొడతామని 2014లో లెండర్ ఎక్స్‌చేంజ్ అనే పోర్టల్ వచ్చింది. సంస్థ తన పత్రాలన్నీ ఒకచోట పెడితే, అందులో చేరిన బ్యాంకులన్నీ అక్కడి నుంచే చూసుకుంటాయి. డబ్బు కట్టాల్సింది మాత్రం లాయర్లు! మాకు మా నియంత్రణ సంస్థ ఉంది, మా సీక్యూఎస్ ఉంది, మళ్ళీ ఇదెందుకు అని లా సొసైటీ మండిపడింది. ఇంజనీరుగా నాకు ఆ పోర్టల్ ఆలోచన నచ్చింది, ఒకే డేటా పదిచోట్ల నింపడం కంటే మేలే కదా. బిల్లు ఎవరు కడుతున్నారో చూస్తే మాత్రం, ఎవరి మాట నడుస్తోందో తెలిసిపోతుంది.

అదే 2014లో సుప్రీం కోర్టుకి ఇంకో కేసు వచ్చింది. ఏఐబీ అనే బ్యాంకు 33 లక్షల పౌండ్లు అప్పిస్తూ, ఆ ఇంటి మీద బార్‌క్లేస్‌కి ఉన్న పాత తాకట్టు పూర్తిగా తీర్చెయ్యమని సొలిసిటర్లకి చెప్పింది. బార్‌క్లేస్‌లో ఉన్నవి రెండు ఖాతాలు. సొలిసిటర్లు పొరపాటుపడి ఒక ఖాతా బాకీయే తీర్చారు, 3,09,000 పౌండ్లు మిగిలిపోయింది. మార్కెట్ పడ్డాక ఆ ఇల్లు 12 లక్షలకే అమ్ముడుపోయింది. బ్యాంకు మొత్తం 25 లక్షలూ సొలిసిటర్లే ఇవ్వాలంది. కోర్టు 1995 నాటి దారిలోనే నడిచి, మీ పొరపాటు వల్ల కలిగిన నష్టం దాదాపు 2.74 లక్షలు, అంతే కట్టండి అంది. కోర్టులో శిక్ష తప్పుకి తగ్గట్టు ఉంటుంది. ప్యానెల్లో ఉన్నవి రెండే స్థితులు, లోపల, బయట.

సీక్యూఎస్ కథకి ఒక మలుపు మిగిలింది. రక్షణ కోసం కట్టిన గోడే లా సొసైటీ మీద కేసుకి కారణమైంది. సీక్యూఎస్ సభ్యులు మనీ లాండరింగ్, మార్ట్‌గేజ్ మోసాల మీద శిక్షణ తీసుకోవాలి, అది కూడా లా సొసైటీ దగ్గరే కొనుక్కోవాలి. అలాంటి శిక్షణే ఆన్‌లైన్లో అమ్మే సోక్రటీస్ ట్రైనింగ్ అనే చిన్న కంపెనీ, ఇది అన్యాయం అంటూ కాంపిటీషన్ అప్పీల్ ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. 2017 మేలో తీర్పు వచ్చింది, ఆ కంపెనీయే గెలిచింది. తీర్పులో తర్కం మన కథకి చాలా ముఖ్యం. సీక్యూఎస్ మొదట్లో ఇష్టమైతే తీసుకునే ముద్ర. కానీ బ్యాంకులు ఒక్కొక్కటే దాన్ని షరతుగా పెట్టుకుంటూ పోవడంతో, 2015 ఏప్రిల్ చివరికల్లా అది లేనిదే వృత్తి నడవని స్థితి వచ్చింది, కాబట్టి అప్పటి నుంచి లా సొసైటీది ఆధిపత్య స్థానం, ఆ స్థానాన్ని అడ్డం పెట్టుకుని శిక్షణ అమ్ముకోవడం దుర్వినియోగం అని. నాకు ఇందులో పెద్ద వింత ఏంటంటే, ముద్ర లేనిదే బతకలేని స్థితి తెచ్చింది బ్యాంకులు, బోనులో నిలబడింది ముద్ర వేసినవాడు. బ్యాంకుల జాబితాని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఎవరిని ఏజెంటుగా పెట్టుకోవాలో అప్పిచ్చేవాడి ఇష్టం అన్నది అక్కడ ఇంకా చెక్కుచెదరని సూత్రం.

ఆ సూత్రాన్ని నేనూ కాదనను. నా డబ్బు ఎవరి చేతిలో పెట్టాలో నా ఇష్టం. అలాంటప్పుడు బ్యాంకు తన లాయర్ని తను పెట్టుకుని, తన ఫీజు తను కట్టుకోవాలి. కొనేవాడి ఫీజుతో నడిచే లాయర్ని వాడుకుంటూ, వాడుకోవడానికి వీల్లేదనిపించినప్పుడు కొనేవాడి లాయర్నే మార్చమనడం, పెళ్ళివాళ్ళు పెట్టుకున్న వంటవాణ్ణి చుట్టాలొచ్చి మార్చేసినట్టు ఉంటుంది. ఇద్దరు లాయర్లుంటే ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఆ ఖర్చు ఎవరిదో దాచకుండా కనిపిస్తుంది కూడా.

ఇదంతా చదువుతుంటే మన హైదరాబాదు గుర్తుకు రాక మానదు. హోమ్ లోన్ తీసుకున్న ప్రతివాడికీ తెలుసు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, వాటి మీద బ్యాంకు ప్యానెల్ అడ్వొకేటు ఇచ్చే లీగల్ ఒపీనియన్. తేడా ఏంటంటే, ఇక్కడ ఆయన మన లాయరని మనం ఎప్పుడూ అనుకోం, ఫీజు మనమే కట్టినా సరే. ఇంకో తేడా భూమిలోనే ఉంది. 1990 డిసెంబరు నుంచి ఇంగ్లండు, వేల్స్ అంతటా అమ్మిన ప్రతి ఆస్తికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, రిజిస్టరులో ఉన్న పేరుకి ప్రభుత్వం పూచీ. కాబట్టి అక్కడ బ్యాంకు భయం హక్కు గురించి కంటే, దారిలో ఉన్న డబ్బు గురించే ఎక్కువ. మన దగ్గర రిజిస్టరయ్యేది పత్రం, హక్కు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో హక్కుకే పూచీ ఇస్తామని 2022లో తెచ్చిన టైట్లింగ్ చట్టాన్ని 2024లో రద్దు చేశారు. ముప్ఫై ఏళ్ళ పత్రాలు తిరగేసి "బానే ఉంది" అని అడ్వొకేటు రాసిన కాగితమే ఇక్కడ బ్యాంకుకి ఆధారం.

ఆ కాగితం తప్పయితే ఏమవుతుందో చెప్పే కేసు కూడా మన ఊరిదే. నారాయణగూడలో విజయా బ్యాంకు బ్రాంచిలో నకిలీ పత్రాలతో ఇచ్చిన హౌసింగ్ లోన్ల మీద సీబీఐ కేసు పెట్టి, ఒపీనియన్లు ఇచ్చిన ప్యానెల్ అడ్వొకేటుని కూడా కుట్రదారుల జాబితాలో చేర్చింది. ఆయన మీద కేసుని హైకోర్టు కొట్టేసింది. సీబీఐ సుప్రీం కోర్టుకి వెళ్ళింది. 2012 సెప్టెంబరులో సుప్రీం కోర్టు, ఒపీనియన్ తప్పయినంత మాత్రాన నేరం కాదు, మోసం చేసినవాళ్ళతో చేతులు కలిపాడనడానికి ఆధారం ఉండాలి, లేకపోతే మహా అయితే నిర్లక్ష్యం, వృత్తిపరమైన తప్పు అంది. పదహారేళ్ళ ముందు లండన్లో మిల్లెట్ గీసిన గీతకి పక్కగీతలా లేదూ?

మన దగ్గర కూడా కోర్టు బయట ఒక జాబితా ఉంది. 2009 మార్చిలో రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. మోసాల్లో పాత్ర ఉన్న బిల్డర్లు, వాల్యుయర్లు, లాయర్ల పేర్లు బ్యాంకులు ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్‌కి పంపాలి, వాళ్ళు అన్ని బ్యాంకులకీ హెచ్చరిక జాబితాగా చేరవేస్తారు. అంటే ఒక బ్యాంకు తీసేస్తే మిగతావన్నీ తీసేసినట్టే, ఇంగ్లండు కన్నా కఠినం. అయితే అందులో ఒక వాక్యం ఉంది. పేరు పంపే ముందు బ్యాంకు తనకి తాను నిర్ధారించుకోవాలి, ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, ఇచ్చినట్టు రికార్డు ఉండాలి అని. కారణం లేని ఉత్తరాలు అందుకున్న ఇంగ్లండు లాయర్లు ఆ ఒక్క వాక్యం కోసం ఎంత గింజుకున్నారో ఇప్పటిదాకా చూశాం. మన బ్యాంకులు ఆ వాక్యాన్ని నిజంగా పాటిస్తున్నాయా, లేక అదీ ఒక టిక్ పెట్టే గడేనా? చదివేవాళ్ళలో బ్యాంకు లీగల్ సెల్‌లో పనిచేసినవాళ్ళో, ప్యానెల్ అడ్వొకేట్లో ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.